ఎండ వేడి, వంటింటి వేడి, ఒంటి వేడి: చెమట పట్టే వేళ లేచే దద్దుర్ల లెక్క

అలిపిరి దగ్గర మెట్లెక్కడం మొదలుపెట్టిన పది నిమిషాలకు మెడ దగ్గర చురచుర. చూస్తుండగానే ఛాతీ, వీపు, చేతుల మీద ఆవగింజంత దద్దుర్లు. నీడన కూర్చుని గాలి తగిలితే అరగంటలో ఆనవాలు కూడా ఉండదు. అదే కుర్రాడికి డిసెంబరులో వేడినీళ్ళు పోసుకున్నా అంతే, వైవాలో ప్రొఫెసర్ ముందు నిలబడినా అంతే. ఇంట్లో మాత్రం ఒకటే మాట: "ఒంట్లో వేడి చేసింది, నాలుగు రోజులు కోడికూర మాను."

ఈ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం వల్లే యువతీ యువకులు మానాల్సింది మానకుండా, మానక్కర్లేనిది మానుతూ ఏళ్ళు గడుపుతున్నారు. చిక్కంతా "వేడి" అన్న మాటతోనే.

మూడు వేడులు, ఒకటే మాట

మన మాటల్లో వేడి మూడు రకాలు. ఒకటి బయటి వేడి, అంటే కత్తిరి ఎండలు, రేకుల షెడ్డు, వంటగది సెగ. రెండోది వంటింటి వేడి: మామిడిపండు, బొప్పాయి, కోడిగుడ్డు వేడి చేస్తాయనీ, మజ్జిగ, సబ్జా గింజలు, రాగి అంబలి చలవ చేస్తాయనీ తరతరాలుగా ఉన్న వర్గీకరణ. మూడోది ఒంటి లోపలి ఉష్ణోగ్రత, దాదాపు 37 డిగ్రీల దగ్గర శరీరం కాపాడుకునే అంకె.

ఈ దద్దుర్లు పలికేది మూడోదానికి. లోపలి ఉష్ణోగ్రత అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ పెరిగితే చాలు. అది ఎండ వల్ల పెరిగిందా, పరుగు వల్లా, వేడినీళ్ళ వల్లా అన్నది చర్మానికి పట్టదు. లోపల పెరగకుండా బయట 42 డిగ్రీలున్నా ఏమీ కాకపోవచ్చు. అందుకే మే నెల మధ్యాహ్నం వేపచెట్టు కింద కదలకుండా కూర్చున్నవాడికి రాని దద్దుర్లు, జనవరి తెల్లవారుజామున మైదానంలో పరుగెత్తేవాడికి వస్తాయి.

కారమూ భావోద్వేగమూ కొంచెం వేరు. అవి ఉష్ణోగ్రతను పెద్దగా పెంచకుండానే చెమట నరాలను తట్టి లేపుతాయి. ఇప్పుడు కోడికూర సంగతి. కోడిమాంసానికి ఈ దద్దుర్లతో సంబంధం లేదు. కానీ పొగలు కక్కే రాగి సంకటి ముద్ద, పక్కన ఎండుమిరప ఘాటున్న నాటుకోడి పులుసు, ఫ్యాన్ లేని గది, ఈ మూడూ కలిస్తే నుదుటిన చెమట పట్టడం, వెనకే దద్దుర్లు లేవడం సహజమే. అవ్వ చూసింది నిజం, నేరం మోపింది మాత్రం కోడి మీద. అదే కోడిని కారం తగ్గించి, చల్లారాక తింటే చాలామందికి ఏమీ కాదు.

పేరు, రూపు, వయసు

వైద్యంలో దీన్ని కోలినర్జిక్ అర్టికేరియా అంటారు. అర్టికేరియా అంటే దద్దుర్లు. కోలినర్జిక్ అన్నది చెమట గ్రంథులను నడిపే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం నుంచి వచ్చిన విశేషణం. 1924లోనే వైద్య సాహిత్యంలో దీని వర్ణన ఉంది.

గుర్తుపట్టడానికి రెండు అంకెలు చాలు. ఒకటి పరిమాణం: ఒక్కో దద్దురు 1 నుంచి 3 మిల్లీమీటర్లు, చుట్టూ ఎర్రటి వలయం. రెండోది కాలం: ఒళ్ళు వేడెక్కడం మొదలైన కొద్ది నిమిషాల్లో వచ్చి, సాధారణంగా గంటలోపు పోతుంది. దురద కన్నా సూదులు గుచ్చినట్టు మంట ఎక్కువని చాలామంది చెబుతారు. చామనఛాయ ఒంటి మీద ఆ ఎర్ర వలయం సరిగా కనబడదు. వేళ్ళతో తడిమితేనే గరుకు తెలుస్తుంది. "ఏదీ, ఏమీ లేదే?" అని పక్కవాళ్ళు అనడానికి సగం కారణం ఇదే.

ఎక్కువగా 15 నుంచి 30 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. ముంబయిలో 600 మంది విద్యార్థులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 4 శాతం మందికి ఇది ఉంది. జర్మనీలో 15 నుంచి 35 ఏళ్ళవారిలో అంతకుముందు చేసిన సర్వేలో 11 శాతం తేలింది, అయితే వాళ్ళలో ఎక్కువమందికి తేలికపాటిదే. ముంబయి లెక్కనే తీసుకుంటే యాభై మంది ఉన్న తరగతిలో ఇద్దరికి ఉండొచ్చన్నమాట. ఇది అంటువ్యాధి కాదు. "రక్తం చెడిపోవడం" అసలే కాదు.

చర్మం కింద ఏం జరుగుతుంది

లోపలి ఉష్ణోగ్రత పెరగగానే మెదడు చెమట గ్రంథులకు కబురు పంపుతుంది. ఆ కబురు మోసేది నరాల చివరల నుంచి వెలువడే ఎసిటైల్‌కోలిన్. గ్రంథి పక్కనే మాస్ట్ కణాలుంటాయి, వాటి నిండా హిస్టమిన్ అనే దురద, వాపు తెచ్చే రసాయనం. ఈ రోగంలో ఏదో విధంగా ఆ మాస్ట్ కణాలు రేగి హిస్టమిన్ బయటికి వస్తుంది. సన్నటి రక్తనాళాల నుంచి నీరు ఊరి చర్మం ఉబ్బుతుంది.

ఆ "ఏదో విధంగా" దగ్గరే పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. ఒక వాదన చెమట అలర్జీ: చర్మం మీద అందరికీ ఉండే మలసీజియా అనే శిలీంధ్రం నుంచి చెమటలో కలిసే ఒక ప్రోటీన్‌కు కొందరి ఒంట్లో ప్రతిరక్షకాలు ఉన్నాయి, తమ చెమటనే పలుచన చేసి చర్మంలోకి ఎక్కిస్తే దద్దురు లేస్తుంది. రెండో వాదన చెమట లోపం: కొందరి గ్రంథుల మీద ఎసిటైల్‌కోలిన్‌ను అందుకునే గ్రాహకాలు తక్కువ, అందుకోని రసాయనం పొంగిపొర్లి పక్కనున్న మాస్ట్ కణాలను తాకుతుంది. చెమట నాళం మూసుకుపోయి లోపలే కారుతుందన్నది మూడో వాదన. ఒకే పేరు కింద రెండు మూడు వేర్వేరు రోగాలున్నాయన్న మాటకే ఇప్పుడు బలం ఎక్కువ. ఇది పండితుల గొడవ మాత్రమే కాదు. చెమట బాగా పట్టేవాడికీ, పట్టనివాడికీ సలహా మారిపోతుంది. అది తర్వాత చూద్దాం.

మెట్ల దారిలో ఒక లెక్క

అరవై కిలోల మనిషి ఒంటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరగాలంటే సుమారు 50 కిలోకెలరీల వేడి లోపల నిలవాలి. మామూలు వేగంతో మెట్లెక్కేటప్పుడు కండరాలు ఖర్చుచేసే శక్తిలో పనిగా మారేది అయిదో వంతో, నాలుగో వంతో. మిగతాదంతా వేడే. నిమిషానికి సుమారు 5 కిలోకెలరీలు అనుకుందాం. ఏ వేడీ బయటికి పోకపోతే పది నిమిషాల్లో ఒక డిగ్రీ, అయిదు నిమిషాల్లో అర డిగ్రీ పెరుగుతుంది. గాలిగోపురం ఇంకా చాలా దూరం ఉండగానే దద్దుర్లు కనబడటం ఇందువల్లే.

మరి అందరికీ అలా ఉష్ణోగ్రత ఎందుకు పెరగదు? చెమట ఆరడం వల్ల. లీటరు చెమట ఆరితే సుమారు 580 కిలోకెలరీలు తీసుకుపోతుంది. ఆ లెక్కన నిమిషానికి 9 మిల్లీలీటర్ల చెమట పూర్తిగా ఆరితే మెట్ల వేడి మెట్లతోనే సరి. ఇక్కడ "ఆరితే" అన్న మాట ముఖ్యం. కారిపోయిన చెమట చల్లబరచదు.

దీన్నుంచి తిరుపతివాళ్ళకు పనికొచ్చే సంగతి ఒకటి తేలుతుంది. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. గాలిలో తేమ ఎక్కువ. ఉష్ణోగ్రత 28 డిగ్రీలే అయినా చెమట ఆరదు. అలాంటి నవంబరు సాయంత్రం మెట్లెక్కినవాడికి, పొడిగాలి వీచే ఏప్రిల్ ఉదయం కన్నా దద్దుర్లు ఎక్కువ రావచ్చు. రెయిన్‌కోటు వేసుకుని బండి మీద రేణిగుంట దాకా వెళ్ళొచ్చినవాళ్ళకూ ఇదే అనుభవం. ఎండాకాలం రోగమనుకుని నవంబరులో మాత్ర ఆపేసేవాళ్ళు ఇక్కడే తప్పటడుగు వేస్తారు.

చలికాలంలో ఎక్కువయ్యేవాళ్ళ సంగతి ఇంకోటి. నెలల తరబడి చెమట పట్టకపోతే గ్రంథులు మందగిస్తాయి. ఆ తర్వాత ఒక్కసారిగా వేడెక్కితే కబురు అందుతుంది, చెమట రాదు, దద్దుర్లు వస్తాయి. రోజంతా ఏసీ గదిలో పనిచేసేవాళ్ళకు ఏడాదంతా చలికాలమే.

పోలికతో మోసం చేసేవి

చెమటకాయలతోనే ఎక్కువ పొరబాటు. చెమటకాయలు బట్ట ఒరుసుకునేచోట, వీపున, నడుము పట్టీ కింద వచ్చి రోజుల తరబడి ఉంటాయి. ఇవి గంటలో పోతాయి. గజ్జి దురద రాత్రి ఎక్కువ, వేళ్ళ సందుల్లో ఎక్కువ, ఇంట్లో ఇంకొకరికీ ఉంటుంది. అరచేయంత దద్దుర్లు ఏ కారణమూ లేకుండా లేచి, ఒక్కోటి చాలా గంటలు ఉంటే అది వేరే రకం అర్టికేరియా. ఒకే దద్దురు 24 గంటలు దాటి, పోయేటప్పుడు కమిలిన మచ్చ మిగిలితే రక్తనాళాల వాపును అనుమానించాలి.

ఎండ పడ్డచోటే వచ్చి చొక్కా కింద రాకపోతే అది సూర్యకాంతికి వచ్చేది. వేడి గిన్నె తాకినంత మేరే వస్తే స్థానిక వేడికి వచ్చేది, చాలా అరుదు. చన్నీళ్ళకూ వేడినీళ్ళకూ తేడా లేకుండా నీళ్ళు తగిలితే వచ్చేది మరొకటి, అదీ అరుదే. పరుగెత్తితే వచ్చి వేడినీళ్ళకు మాత్రం రాకపోతే వెంటనే వైద్యుడికి చెప్పాలి. అది వ్యాయామంతో వచ్చే ప్రాణాంతక అలర్జీ కావచ్చు.

ఓపీకి వెళ్ళేసరికి మాయం

ఓపీ చీటీ తీసుకుని, వరసలో కూర్చుని, లోపలికి వెళ్ళేసరికి చర్మం నున్నగా ఉంటుంది. అందుకే ఫోన్లో ఫొటో తప్పనిసరి. ఫ్లాష్ వేసి ఎదురుగా తీస్తే ఈ చిన్న దద్దుర్లు కనబడవు. కిటికీ పక్కన నిలబడి, వెలుతురు పక్క నుంచి పడేలా తీస్తే ఒక్కోదానికీ నీడ పడి తేలుతుంది. పక్కన రూపాయి బిళ్ళ పెడితే కొలత తెలుస్తుంది. మొదలైన సమయం, పూర్తిగా పోయిన సమయం, ముందు అరగంటలో చేసిన పని, ఈ మూడూ రాసుకుంటే చాలు. పది రోజుల చీటీ పరీక్షల ఫైలు కన్నా ఎక్కువ చెబుతుంది.

ఖాయం చేసుకోవడానికి పెద్దాసుపత్రుల్లో రెండంచెల పరీక్ష ఉంది. ముందు సైకిలు తొక్కిస్తారు. నాడి నిమిషానికి 72 ఉన్నవాడిని తీసుకుంటే, ప్రతి అయిదు నిమిషాలకు 15 చొప్పున పెంచుతూ పోతారు: 87, 102, 117, 132, 147, అరగంటకు 162. ఒకడికి పన్నెండో నిమిషంలో, ఇంకొకడికి ఇరవై ఆరో నిమిషంలో దద్దుర్లు లేస్తే, మొదటివాడి రోగం తీవ్రమని అర్థం. మందు పనిచేస్తోందా అన్నదీ ఈ నిమిషాలతోనే తేల్చుకోవచ్చు. కనీసం ఒక రోజు ఆగి, 42 డిగ్రీల నీళ్ళ తొట్టిలో 15 నిమిషాల వరకు కూర్చోబెడతారు. లోపలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగేసరికి దద్దుర్లు వస్తే ఇది వ్యాయామం అలర్జీ కాదు, వేడెక్కడమే కారణమని తేలుతుంది. ఇది వైద్యుల ఎదుట చేయాల్సిన పరీక్ష, ఇంట్లో బకెట్ నీళ్ళతో కాదు.

ఒక రోజు ఆగడం ఎందుకంటే, ఒకసారి దద్దుర్లు లేచాక చాలామందికి కొన్ని గంటలు, కొందరికి రోజంతా, మళ్ళీ రావు. నిల్వ ఉన్న హిస్టమిన్ ఖర్చయిపోతుంది. పొద్దున్న పరుగులో వచ్చి సాయంత్రం క్రికెట్‌లో రాకపోతే "పొద్దుటి మంచు పడటం లేదు" అని తేల్చేసేవాళ్ళుంటారు. మంచుది తప్పు కాదు.

వేలు పోసి చేయించే ఆహార అలర్జీ రక్తపరీక్షల ప్యాకేజీ ఈ రోగానికి అక్కర్లేదు. అందులో వంకాయకో వేరుశనగకో పాజిటివ్ అని వచ్చినా అది ఆ పదార్థంతో రోగం ఉన్నట్టు కాదు. రాయలసీమలో వేరుశనగ మానమంటే ఇంక తినేదేముంది!

మాత్రలు: ఏది, ఎప్పుడు, ఎందుకు పనిచేయదు

మొదటి మందు హిస్టమిన్‌ను అడ్డుకునే, మత్తు తక్కువగా ఉండే రెండో తరం యాంటీహిస్టమిన్: సెటిరిజిన్ 10, లెవోసెటిరిజిన్ 5, ఫెక్సోఫెనడిన్ 180, బిలాస్టిన్ 20 మిల్లీగ్రాములు, ఇలాంటి వాటిలో ఒకటి. రోజుకొకటి, వైద్యుడు చెప్పినన్నాళ్ళు. ఇక్కడ పొరబాట్లు మూడు. మొదటిది, దద్దుర్లు లేచాక వేసుకోవడం. మాత్ర రక్తంలో కలిసి పట్టేసరికి గంట పడుతుంది, దద్దుర్లేమో అరగంటలో పోతాయి. రెండోది, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్‌లను పండ్లరసంతో మింగడం. బత్తాయి, ఆపిల్ రసాలు ఆ మందు పేగుల్లో ఇంకకుండా తగ్గిస్తాయి. బిలాస్టిన్‌ను తిండికి గంట ముందో, రెండు గంటల తర్వాతో, నీళ్ళతోనే వేసుకోవాలి. మూడోది, రెండు రోజులకు తగ్గలేదని మందు మార్చేయడం. రెండు మూడు వారాలు చూశాక చాలకపోతే అదే మందును నాలుగింతల దాకా పెంచవచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ పెంపు వైద్యుడి చేతిలోనే ఉండాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకు, గర్భిణులకు లెక్క వేరు.

అవిల్, సీపీఎం (క్లోర్‌ఫెనిరమిన్) లాంటి పాత యాంటీహిస్టమిన్ మందులు దురద తగ్గిస్తాయి, కానీ మగత వస్తుంది. ఈఏపీసెట్ రాయబోయే పిల్లకు పొద్దున్నే అవిల్ ఇవ్వడం, బండి నడిపేవాడికి మధ్యాహ్నం ఇవ్వడం, రెండూ చేటే.

నాలుగింతల మోతాదుకూ లొంగనివాళ్ళకు నాలుగు వారాలకోసారి ఇచ్చే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ ఉంది. కారణం తెలియని దీర్ఘకాలిక దద్దుర్లకు అనుమతి పొందిన మందు అది. ఈ రకానికి నిపుణులు తమ విచక్షణతో వాడతారు. చాలామందికి పనిచేస్తుంది, అందరికీ కాదు, ఖర్చు ఎక్కువ.

వీధి చివరి క్లినిక్‌లో వేసే డెక్సా (ఇది స్టెరాయిడ్), అవిల్ ఇంజెక్షన్ సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. సూది వేసిన ఇరవై నిమిషాలకు దద్దుర్లు పోతాయి. వేయకపోయినా పోయేవే. గొంగళితో రుద్దితే తగ్గిందన్నదీ ఇదే కోవ. అరగంటలో తనంతట తానే పోయే రోగానికి ఏం చేసినా మందు చేసినట్టే అనిపిస్తుంది. గొంగళి రాపిడి చర్మాన్ని ఇంకా రేపుతుంది, స్టెరాయిడ్ సూది పదేపదే పడితే ఎముకలు, చక్కెర, బరువు అన్నీ దెబ్బతింటాయి.

రోజువారీ బతుకులో దీని బరువు

ఇబ్బంది దురదతో ఆగదు. పీఈటీ పీరియడ్ ఎగ్గొట్టడం, కబడ్డీ మానడం, ఎండలో బస్సు కోసం నిలబడాల్సిన కాలేజీ వద్దనుకోవడం, ఇలా ఒక్కోటీ తప్పుకుంటూ పోతారు. సిగ్గు, కోపం, భయం కూడా చెమట నరాలను కదిలిస్తాయి కాబట్టి, ఇంటర్వ్యూలో దద్దుర్లు వస్తాయేమో అన్న భయమే వాటిని రప్పిస్తుంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆవిరి పక్కన నిలబడేవాళ్ళకు, హోటల్ పొయ్యి దగ్గర ఉండేవాళ్ళకు తప్పుకునే వీలే లేదు. పెళ్ళి గురించి చెప్పనే అక్కర్లేదు: మే నెల ముహూర్తం, పట్టుబట్టలు, హోమగుండం, వీడియో లైట్లు, నలుగురి చూపు. ఇన్ని ప్రేరకాలను ఒకచోట చేర్చడం ఏ పరిశోధనశాలకూ చేతకాదు. ఆ రోజు మాత్ర రెండు గంటల ముందే పడాలి, పీటల పక్కన ఒక ఫ్యాను తిరగాలి.

స్నానానికి గోరువెచ్చని నీళ్ళు చాలు. పొగలు వచ్చే నీళ్ళు వద్దు. ఆఖరి రెండు చెంబులు చల్లనివి పోసుకుంటే ఒళ్ళు కాస్త చల్లబడుతుంది. దద్దుర్లు మొదలైతే పని ఆపి, చొక్కా వదులు చేసి, మెడకూ ముంజేతులకూ తడిగుడ్డ వేసి గాలి తగలనివ్వాలి. తడి, గాలి రెండూ ఉండాలి. ఒకటి లేకపోతే రెండోది సరిగా పనిచేయదు.

చెమట పట్టించాలా, తప్పించుకోవాలా

ఇక్కడ వైద్యుల్లోనే రెండు అభిప్రాయాలు. ప్రేరకానికి దూరంగా ఉండమన్నది పాత సలహా. రోజూ కొద్దికొద్దిగా చెమట పట్టిస్తే గ్రంథులు చురుకై, నాళాలు తెరుచుకుని, దద్దుర్లు తగ్గుతాయన్నది రెండోది. రెండోదాని వెనుక ఉన్నవి చిన్న అధ్యయనాలే, కానీ చెమట తక్కువ పట్టే రకంలో అది తర్కానికి అందుతుంది. అలాంటివాళ్ళు ఏసీ గదికే అంటిపెట్టుకుంటే చెమట ఇంకా తగ్గుతుంది, పైగా వడదెబ్బ ముప్పు పెరుగుతుంది. ముఖం తప్ప ఒళ్ళంతా పొడిగా ఉండి, పరుగులో తల తిరిగేవాళ్ళు ముందు చెమట పరీక్ష చేయించుకోవాలి. అయొడిన్ రాసి పిండి చల్లితే చెమట పట్టినచోట నల్లబడుతుంది, పట్టనిచోటు తెలిసిపోతుంది.

కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు సాధన చేసే యువకుణ్ణి తీసుకోండి. వైద్యుడు సరేనన్నాక, మాత్ర మీద ఉంటూ, చల్లటి వేళ, తోడు మనిషితో మొదటి వారం అయిదు నిమిషాల వేగపు నడక, చురచుర మొదలవగానే ఆగడం. వారానికి రెండు మూడు నిమిషాలు పెంచుకుంటూ పోవడం. ఒక వారం సాధన వదిలేస్తే మళ్ళీ కింది మెట్టు నుంచే. అసలు పరుగుకు మొదటిసారి కొత్త మందు వాడకూడదు, అది మగతనిస్తుందో లేదో సాధనలోనే తెలియాలి. దద్దుర్లతో పాటు ఎప్పుడైనా ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం జరిగినవాళ్ళకు ఈ సాధన తగదు.

దద్దుర్లు దాటి పోతే

పెదవులు, కనురెప్పలు ఉబ్బడం, గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, కడుపునొప్పితో వాంతులు, కళ్ళు చీకట్లు కమ్మడం, వీటిలో ఏది కనబడినా అది చర్మ సమస్య కాదు. మెట్ల మీద ఉంటే అక్కడే పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టాలి. ఊపిరి ఆడకపోతే కూర్చోనివ్వాలి, నిలబెట్టి నడిపించకూడదు. 108కి ఫోన్ చేయాలి. దీనికి మందు తొడ కండరంలోకి ఇచ్చే ఎడ్రినలిన్, పెద్దలకు 0.5 మిల్లీగ్రాములు, వైద్య సిబ్బంది ఇస్తారు. సెటిరిజిన్ మింగించి చూద్దామని కూర్చుంటే సమయం పోతుంది. తేరుకున్నాక కూడా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉండాలి, ఎందుకంటే కొందరికి రెండోసారి తిరగబెడుతుంది.

ఎన్నాళ్ళు ఉంటుంది

నెలల్లో పోయే రోగం కాదు, ఏళ్ళ లెక్క. కొందరికి మూడు నాలుగేళ్ళు, కొందరికి పదేళ్ళ పైన. వయసు ముప్పై దాటేకొద్దీ చాలామందికి పలచబడుతుంది. మాత్ర రోగాన్ని మాన్పదు, ఉన్నన్నాళ్ళు అణచి పెడుతుంది. అందుకే కొన్ని నెలలు దద్దుర్లు లేకుండా గడిచాక వైద్యుడు మోతాదు తగ్గించి చూస్తాడు. మళ్ళీ వస్తే ఓడిపోయినట్టు కాదు, ఇంకా సమయం ఉన్నట్టు. వానల నెలల్లో ఎక్కువయ్యేవాళ్ళు ఆ తగ్గింపును నవంబరులో కాకుండా ఫిబ్రవరిలో మొదలుపెడితే ఫలితం స్పష్టంగా తెలుస్తుంది.